మహమ్మారి కాలంలో రైలు, బస్సు ప్రయాణికులు: మాలూరు నుంచి ఒక పాఠం



మహమ్మారి వచ్చినప్పుడు రైళ్ళలో, బస్సుల్లో తిరిగే జనం ప్రవర్తన ఎలా మారుతుంది? ఎందుకు మారుతుంది? ఆ మార్పు ఎంతకాలం నిలుస్తుంది? ఇది సామాజిక శాస్త్రం, ఆరోగ్య శాస్త్రం, గణితం మూడూ కలిసిన విషయం. పుస్తకాల్లో దీనికి ఉదాహరణలు దూరదేశాలవి ఉంటాయి. మనకు అంత దూరం పోవలసిన పని లేదు. 2020, 2021 సంవత్సరాలలో మాలూరు స్టేషన్లో, మాలూరు బస్ స్టాండులో జరిగినదే చాలు. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఉద్యోగరీత్యా మాలూరు నుంచి బెంగళూరుకు రోజూ రైల్లో వెళ్ళి వచ్చినవాణ్ణి. ఆ అనుభవానికి, తరువాత చదివి తెలుసుకున్న దానిని జోడించి ఈ పాఠం రాస్తున్నాను.

1. మన లైను, మన ప్రయాణం

బెంగళూరు నుంచి జోలార్‌పేటకు రైలుమార్గం 1864లో ఏర్పడింది. అప్పట్లో బౌరింగ్‌పేట అని పిలిచే బంగారపేట నుంచి కోలారు బంగారు గనులకు శాఖామార్గం 1894లో వచ్చింది. నేటికీ మారికుప్పం, బంగారపేట నుంచి బయలుదేరే రైళ్ళు టేకల్, మాలూరు, దేవనగొంది, వైట్‌ఫీల్డు, కృష్ణరాజపురం, కంటోన్మెంటు మీదుగా బెంగళూరు చేరుతాయి. ఈ బండ్లు ఎక్కేవారిని గమనించండి. కంపెనీ ఉద్యోగులు, కట్టడపు పనివారు, పూలు, కూరగాయలు అమ్ముకునేవారు, ఆస్పత్రికి పోయే రోగులు, కాలేజీ పిల్లలు ఉంటారు. ఇటుక, పెంకుల ఫ్యాక్టరీలకు పేరుపొందిన మాలూరుకు పనికోసం వచ్చేవారూ ఉన్నారు. మన తెలుగు కుటుంబాలకు కుప్పం, వి.కోట, పుంగనూరు, మదనపల్లె వైపు చుట్టరికాలు ఉండటం వల్ల పెళ్ళికీ చావుకూ సరిహద్దు దాటి పోవలసి ఉంటుంది.

అంటే మనకు ప్రయాణం విహారం కాదు, జీవనం. ఈ మాట ముందుగా మనసులో పెట్టుకుంటే తరువాతి విషయమంతా తేలికగా అర్థమవుతుంది.

2. ఇది మొదటిసారి కాదు

రైలుకూ అంటువ్యాధికీ ఉన్న సంబంధం పాతదే. 1896లో బొంబాయిలో ప్లేగు బయటపడింది. 1897లో బ్రిటిషు ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం చేసింది. రైల్లో ప్రయాణించేవారిని పరీక్షించటానికి, అనుమానం ఉన్నవారిని వేరుగా ఉంచటానికి అధికారం ఇస్తున్నామని ఆ చట్టంలోనే స్పష్టంగా రాశారు. 1898 ఆగస్టులో ప్లేగు బెంగళూరు చేరింది. అది హుబ్బళ్ళి వైపు నుంచి రైలు దారినే వచ్చిందని చరిత్ర చెబుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ప్లేగు ఉన్న ఊళ్ళ నుంచి వచ్చే ప్రయాణికులకు 'ప్లేగు పాస్‌పోర్టు' ఇచ్చేవారు. అది పట్టుకుని, చేరిన ఊరిలో కొన్ని రోజులపాటు అధికారుల ముందు హాజరు కావాలి. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా కూడా బొంబాయి రేవు నుంచి రైలుమార్గాల వెంబడే దేశమంతా పాకింది. ఆ జ్వరానికి మన దేశంలో కోటి మందికి పైగా చనిపోయారు.

అప్పుడూ జనం రైలెక్కటానికి భయపడ్డారు. కానీ చాలామంది భయపడింది జబ్బుకంటే తనిఖీకి. స్టేషన్లో పట్టుకుని క్యాంపులో వేస్తారని, ఆడవారిని పరపురుషులు పరీక్షిస్తారని భయం. ఒక మనిషి రైలెక్కలేదంటే, అతడు దేనికి భయపడ్డాడు అని విడిగా అడగాలి. ఇది మన మొదటి సూత్రం.

3. ఆజ్ఞ వల్ల వచ్చిన మార్పు

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అని పేర్కొంది. మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ రోజుల్లోనే దేశమంతటా ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. మార్చి 25 నుంచి లాక్‌డౌన్. నూటయాభై ఏళ్ళకు పైగా బండి కూత వింటున్న మాలూరులో సరుకుల బండ్లు తప్ప మరేవీ కనబడలేదు.

ఆసక్తికరమైన సంగతి ఒకటి చెప్పాలి. అప్పటికి మన కోలారు జిల్లాలో ఒక్క కేసు కూడా లేదు. ముళబాగిలు తాలూకాలో తొలి ఐదు కేసులు బయటపడింది మే 12న. అంటే జబ్బు రావటానికి ఏడు వారాల ముందే మన ప్రయాణం ఆగింది. ఇందులో ప్రయాణికుడి ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు.

మే నెలలో వలస కార్మికులను ఊళ్ళకు చేర్చటానికి శ్రామిక్ స్పెషల్ రైళ్ళు నడిచాయి. వాటిలో కొన్ని మన మాలూరు స్టేషన్ నుంచే ఉత్తరాదికి బయలుదేరాయి. బెంగళూరు నుంచి కార్మికులను బస్సుల్లో ఇక్కడికి తెచ్చి రైలెక్కించారు. మొదట్లో 72 బెర్తుల బోగీలో 54 మందినే ఎక్కించాలనే నియమం ఉండేది. రద్దీని తట్టుకోలేక మే 11 నుంచి అన్ని బెర్తులూ నింపారు. ఆ కార్మికులు ప్రయాణానికి భయపడలేదు. పని లేని ఊరిలో ఆగిపోవటానికి భయపడ్డారు.

మే 19న కె.ఎస్.ఆర్.టి.సి. బస్సులు తిరిగి మొదలయ్యాయి. ఒక బస్సుకు 30 మందే. ఆంధ్రప్రదేశ్‌కు బస్సులు జూన్ నెలలో కదిలాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ బస్సులు మాత్రం ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి 2020 నవంబరు దాకా తిరగలేదు. అక్కడ అడ్డు పడింది జబ్బు కాదు, ఎవరు ఎన్ని కిలోమీటర్లు నడపాలనే ఒప్పందం కుదరకపోవటం. 'ప్రయాణికులు తగ్గారు' అనే అంకె చూడగానే 'జనం భయపడ్డారు' అని రాసేయకూడదని చెప్పటానికే ఈ ఉదాహరణ.

4. భయం వల్ల వచ్చిన మార్పు

ఆజ్ఞ లేకపోయినా భయం ఒక్కటే ఎంత పని చేస్తుందో తెలుసుకోవాలంటే రైళ్ళు ఆపకుండా నడిపిన ఊరిని చూడాలి. 2003లో సార్స్ వ్యాధి వచ్చినప్పుడు తైవాన్ రాజధాని తైపేలో మెట్రో రైళ్ళు నడుస్తూనే ఉన్నాయి. అయినా వ్యాధి ముమ్మరంగా ఉన్న రోజుల్లో ప్రయాణికులు సుమారు సగానికి పడిపోయారు. ఆ లెక్కలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో రెండు విషయాలు తేలాయి.

మొదటిది: వార్తల్లో ఒక్కొక్క కొత్త కేసు రాగానే సుమారు 1,200 మంది మెట్రో ఎక్కటం మానేశారు. దీనిని 'తాజా భయం' అన్నారు.

రెండవది: ఆ భయం మరునాటికి పోలేదు. మెల్లగా తగ్గింది. సుమారు 28 రోజులకు మొదట ఉన్న దానిలో 37 శాతానికి చేరింది. దీనిని 'మిగులు భయం' అన్నారు.

పి.యు.సి. గణితం చదివేవారు దీనిని ఘాతాంక క్షయంగా గుర్తుపడతారు. లెక్క వేసి చూడండి. మొదట 1,200. 28 రోజుల తరువాత సుమారు 440. 56 రోజులకు సుమారు 160. 84 రోజులకు 60. అంటే మూడు నెలల లోపే భయం ఇరవయ్యో వంతుకు వస్తుంది. రేడియో ధార్మిక పదార్థం తరిగే తీరుకు, మనిషి భయం తరిగే తీరుకు ఒకే రకం సూత్రం సరిపోవటం నాకు చాలా ఆశ్చర్యం కలిగించింది.

అయితే సార్స్ కొన్ని నెలల్లో ముగిసింది. కోవిడ్ అలా కాదు. 2021 ఏప్రిల్‌లో రెండో అల వచ్చింది. ఏప్రిల్ 27 నుంచి కర్ణాటకలో బస్సులు మళ్ళీ ఆగాయి. జూన్ 21న మన జిల్లాతో సహా పలు జిల్లాల్లో సగం సీట్లతో మొదలయ్యాయి. తగ్గుతున్న భయం కొత్తగా మళ్ళీ పుట్టింది. మొదటి అలలో భయం ఎక్కువగా వార్తల నుంచి వచ్చింది. రెండో అలలో మా వీధిలోనే చావులు చూశాము. రోజూ నాతో పాటు ఒకే బోగీలో కూర్చుని వచ్చిన ఇద్దరు మిత్రులు ఆ నెలల్లో పోయారు. అటువంటి భయాన్ని సూత్రంలో ఇమడ్చటం కష్టం.

5. గతి లేక మారనివారు

ఇక ఈ పాఠంలో ముఖ్యమైన భాగానికి వస్తున్నాను.

బండ్లు తిరిగి మొదలైనాక మా రైల్లో ఎవరు కనబడలేదు, ఎవరు కనబడ్డారు అని నేను గమనించాను. ఇంటి నుంచే కంప్యూటరులో పని చేయగలిగినవారు కనబడలేదు. కారు ఉన్నవారు కారులో పోయారు. కాస్త చేతిలో ఉన్నవారు పాత స్కూటరో, మోటార్ సైకిలో కొన్నారు. మళ్ళీ కనబడినవారు ఎవరంటే పూలబుట్టల ఆడవారు, ఇళ్ళలో పనిచేసేవారు, సెక్యూరిటీ ఉద్యోగులు, కట్టడపు పనివారు, ఆస్పత్రి ఆయాలు. వారికి భయం లేదని కాదు. పక్కనున్న ఆమె దగ్గితే చీరకొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగేవారు. భయం ఉండి కూడా వచ్చారు. రాకపోతే పొయ్యి వెలగదు.

కాబట్టి ప్రవర్తన మారటానికి భయం ఒక్కటే చాలదు, మారటానికి గతి కూడా ఉండాలి. ఒకే జబ్బు, ఒకే బండి, ఒకే భయం. ఇంట్లో కూర్చోగలిగినవాడి ప్రవర్తన మారింది, కూర్చోలేనివాడిది మారలేదు. దానిని 'నిర్లక్ష్యం' అని పత్రికల్లో, మాటల్లో నిందించటం నేను చాలాసార్లు విన్నాను. అది న్యాయం కాదు.

మరొక సంగతి. మునుపు ప్యాసింజరు రైలులో కనీస ఛార్జీ 10 రూపాయలు. కోవిడ్ తరువాత ఆ బండ్లను ఎక్స్‌ప్రెస్ స్పెషల్ పేరుతో నడిపినప్పుడు కనీస ఛార్జీ 30 రూపాయలు అయింది. 2024 ఫిబ్రవరిలో గాని పాత ఛార్జీ తిరిగి రాలేదు. మాలూరు నుంచి వైట్‌ఫీల్డు వంటి దగ్గరి స్టేషనుకు టికెట్టు కొనుక్కుని పోయేవారి లెక్క చూడండి. రానూపోనూ 20 రూపాయలు ఉండేది 60 అయింది. నెలకు 24 రోజులంటే 480 రూపాయల చోట 1,440. సీజన్ పాసులు కూడా తొలి నెలల్లో చెల్లలేదు. 2020 మార్చిలో ఆపిన వృద్ధుల రాయితీని రైల్వే తిరిగి ఇవ్వనే లేదు. ఆ వృద్ధులు ప్రయాణం తగ్గించుకుంటే దానిని భయం అనాలా, ఖర్చు అనాలా?

6. చదువు మీద పడిన దెబ్బ

విద్యార్థుల సంగతి వేరుగా చూడాలి. 2020 మార్చిలో ఆగిన ద్వితీయ పి.యు.సి. ఇంగ్లీషు పరీక్ష జూన్ 18న, ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలు జూన్ 25 నుంచి జరిగాయి. పిల్లలు మాస్కులు కట్టుకుని, ఉన్న కొద్ది బస్సుల్లో పరీక్షలకు వెళ్ళారు. డిగ్రీ కాలేజీలు నవంబరు 17న తెరిచారు. మా లైనులో రోజువారీ రైళ్ళు డిసెంబరులో గాని రాలేదు, అవీ కొన్నే. 2021 జనవరి 1న పదవ తరగతి, ద్వితీయ పి.యు.సి. తరగతులు మొదలయ్యాయి. కాలేజీ తెరిచింది, కానీ కాలేజీకి పోయే బండి లేదు. ఈ సందులో ఎంతమంది జారిపోయారో ఆలోచించండి.

నాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. తండ్రి ఇటుకల ఫ్యాక్టరీలో పని. కొడుకు, కూతురు ఇద్దరూ బెంగళూరులో డిగ్రీ చదివేవారు. రైలు లేకపోవటంతో అప్పు చేసి ఒక పాత బండి కొన్నారు. అది కొడుకుకు. కూతురిని 'బస్సులో జనం, జబ్బు అంటుతుంది, కొన్నాళ్ళు ఇంట్లో ఉండమ్మా' అన్నారు. ఆ కొన్నాళ్ళు ఒక విద్యా సంవత్సరం అయింది. రైళ్ళు వచ్చాక కూడా పంపటానికి వెనుకాడారు. నేను రెండుసార్లు వెళ్ళి మాట్లాడాను. 'మాస్టారూ, భయంగా ఉంది' అన్నాడు తండ్రి. 'అబ్బాయి విషయంలో లేని భయం అమ్మాయి విషయంలో ఎందుకయ్యా?' అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. తల్లి మాత్రం లోపలి నుంచి, 'పంపుదాం' అంది. ఆ అమ్మాయి ఏడాది ఆలస్యంగా డిగ్రీ పూర్తిచేసి ఇప్పుడు ఉద్యోగంలో ఉంది.

ఆ తండ్రి చెడ్డవాడు కాడు. జబ్బు భయం నిజమే. కానీ భయం పేరు చెప్పి తీసుకునే నిర్ణయంలో ఇంటి పాత అలవాట్లు కూడా చేరతాయి. ఉన్న ఒక్క బండి ఎవరికి, ఉన్న ఒక్క ఫోను ఎవరికి అన్నప్పుడు అవి బయటపడతాయి. తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే ఈ వ్యాసం రాసిన ఫలితం నాకు దక్కినట్టే.

7. నిలిచిన అలవాట్లు, పోయిన అలవాట్లు

తొలి నెలల్లో ప్రయాణికులు బస్సులో కడ్డీ పట్టుకోవటానికి భయపడేవారు. చేతిగుడ్డ చుట్టి పట్టుకునేవారు, అసలు పట్టుకోక తూలి పడినవారూ ఉన్నారు. చిల్లర ముట్టటానికి కండక్టరూ ప్రయాణికుడూ ఇద్దరూ సంకోచించేవారు. బెంగళూరు మెట్రో 2020 సెప్టెంబరు 7న తిరిగి మొదలైనప్పుడు టోకెన్లు లేకుండా స్మార్ట్ కార్డు ఉన్నవారినే అనుమతించారు. రైల్వే దుప్పట్లు ఇవ్వటం మానేసింది, 2022 మార్చిలో గాని తిరిగి ఇవ్వలేదు.

పరిశోధన ముందుకు సాగినకొద్దీ తెలిసిందేమంటే, కోవిడ్ ప్రధానంగా సోకేది గాలి ద్వారా. మాట్లాడినప్పుడు, దగ్గినప్పుడు వెలువడే సూక్ష్మ తుంపరల వల్ల. వస్తువులను తాకటం వల్ల సోకే అవకాశం చాలా తక్కువ. ఒక్కసారి తాకితే పదివేలలో ఒకటి కంటే తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 ఏప్రిల్‌లో చెప్పింది. అంటే కడ్డీ కంటే మూసిన కిటికీ ప్రమాదం. మన ప్యాసింజరు రైలులో, ఎర్ర బస్సులో కిటికీలు తెరుచుకుంటాయి. ఎ.సి. బస్సు కంటే ఆ విషయంలో ఇవే మేలు. అయినా చాలామంది చాలాకాలం సీటు తుడిచారు, చలి అని కిటికీ మూశారు. శాస్త్రం తెలిసిన దానికీ జనం అలవాటు మారటానికీ మధ్య ఎప్పుడూ కొంత ఎడం ఉంటుంది.

మాస్కు సంగతీ అంతే. 2021 ఏప్రిల్‌లో రైల్వే, మాస్కు లేకపోతే 500 రూపాయల దాకా జరిమానా అని ప్రకటించింది. టికెట్ తనిఖీ అధికారి కనబడితే గడ్డం కింద ఉన్న మాస్కు ముక్కు మీదికి వచ్చేది. ఆయన దిగిపోగానే మళ్ళీ కిందికి దిగేది. జరిమానా భయంతో వచ్చిన అలవాటు జరిమానాతోనే పోయింది. కారణం తెలిసి వచ్చిన అలవాటు కొందరిలోనైనా నిలిచింది. జలుబు చేసినప్పుడు మాస్కు కట్టుకుని రైలెక్కేవారిని ఇప్పుడూ చూస్తున్నాను. 2020కి ముందు అటువంటివారు ఒక్కరు కూడా నాకు కనబడలేదు.

ఇప్పుడు బండ్లు మళ్ళీ కిక్కిరిసి పోతున్నాయి. దీనికి కూడా ఒక్క కారణమే చెప్పకూడదు. 2023 జూన్ 11న శక్తి పథకం కింద కర్ణాటకలో ఆడవారికి ప్రభుత్వ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. అదే ఏడాది మార్చిలో వైట్‌ఫీల్డుకు మెట్రో వచ్చింది, అక్టోబరులో ఆ మార్గం పూర్తిగా కలిసింది. మన ఊరివారు చాలామంది వైట్‌ఫీల్డులో దిగి మెట్రో ఎక్కుతున్నారు. జబ్బు భయం తగ్గటం వల్ల ఎంత, ఉచిత టికెట్టు వల్ల ఎంత, మెట్రో వల్ల ఎంత అని విడదీసి చూడటమే పరిశోధన.

8. గుర్తుంచుకోవలసినవి

(అ) మహమ్మారిలో ప్రయాణికుల ప్రవర్తన మూడు కారణాల వల్ల మారుతుంది: ఆజ్ఞ, భయం, గతి. మూడింటినీ విడిగా చూడాలి.

(ఆ) భయం వేగంగా పెరుగుతుంది, మెల్లగా తగ్గుతుంది. కొత్త అల వస్తే మళ్ళీ పుడుతుంది.

(ఇ) ఖాళీ సీటు అంటే భయపడినవాడి సీటు అని చెప్పలేము. ఛార్జీ భరించలేనివాడిది, చదువు మానిన అమ్మాయిది కూడా కావచ్చు.

(ఈ) దగ్గు, జలుబు ఉన్నప్పుడు మాస్కు, తెరిచిన కిటికీ, ఇంటికి రాగానే చేతులు కడుక్కోవటం: ఇవి ఎప్పటికీ మంచి అలవాట్లే. పక్కవాడిని అనుమానంగా చూడటం మాత్రం మానుకోవలసిన అలవాటు.

(ఉ) తల్లిదండ్రులు విద్యార్థి వేతనానికి దరఖాస్తు రాసేటప్పుడు ఫీజుతో పాటు ప్రయాణపు ఖర్చును, ఏ బండిలో ఎంత దూరం పోతున్నారో కూడా వివరంగా రాయండి. చదువు ఆగేది ఎక్కువసార్లు ఫీజు దగ్గర కాదు, దారి దగ్గర.

9. మీరే చేయవలసిన అభ్యాసం

1. వరుసగా ఆరు రోజులు ఉదయం ఒకే అరగంట మీ ఊరి బస్ స్టాండులో గాని స్టేషన్లో గాని నిలబడండి. ఎక్కేవారిలో ఆడవారు, మగవారు, విద్యార్థులు ఎంతమందో పట్టిక వేయండి. ఎవరి పేరూ రాయవద్దు, ఫోటో తీయవద్దు.

2. మీ ఇంట్లో, పక్కింట్లో పెద్దలను అడగండి: 2020కి ముందు దేనిలో వెళ్ళేవారు, 2021లో దేనిలో వెళ్ళారు, ఇప్పుడు దేనిలో వెళుతున్నారు? మార్పుకు కారణం ఆజ్ఞా, భయమా, గతా? వారి మాటల్లోనే రాయండి.

3. తైపే లెక్కను గ్రాఫు కాగితం మీద గీయండి. 30వ రోజున మరొక కేసు వచ్చి ఇంకో 1,200 మంది తగ్గితే గీత ఎలా మారుతుంది?

4. ఆ రెండేళ్ళలో చదువు మానేసినవారు మీ వీధిలో ఉన్నారా? ఉంటే వారితో మాట్లాడండి. తిరిగి చదువుకోవాలనే కోరిక ఉన్నవారికి సార్వత్రిక పాఠశాల, దూరవిద్య దారులు తెరిచే ఉన్నాయని చెప్పండి. ఈ నాలుగో ప్రశ్నకు మార్కులు లేవు, కానీ అన్నిటికంటే ముందు దీనినే మొదలుపెట్టండి.